ముందు అవ్వ చేతికి

నా చిన్నప్పుడు మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక నాకు తామర ఉండేది. చలికాలం వచ్చిందంటే తోలు పగిలి రసి కారేది. గోక్కోకుండా మా అవ్వ నా చేతులకు పాతచీర పేలికలు చుట్టేది. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని అంటాం. వేపాకు నూరి పెట్టారు, గంధకం కలిపిన నూనె రాశారు. ఏది పెట్టినా మంట తప్ప ఇంకేం మిగల్లేదు.

మాది లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. ఒక వారపు అంగడి రోజున మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ళ అన్న, ఒక సీసా తెచ్చాడు. అందులో ఉన్నది నల్లజీడి గింజల నూనె. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడే గింజలే అవి. తన ఎద్దు మెడ మీది పుండు దానితోనే మానిందట.

"ఒక్క పూట మండుతది, గంతే. తామర మళ్ళ కనవడది," అన్నాడు.

బాపు నన్ను మంచం మీద కూర్చోబెట్టి రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కోపిష్టి కాదు. నా ఏడుపు విని విని అలసిపోయాడు. పెద్దబాపు కోడి ఈకను నూనెలో ముంచాడు. ఈక కొసన వేలాడుతున్న నల్లటి బొట్టును చూసి నేను చేతులు వెనక్కి లాక్కోబోయాను.

అవ్వ ఎన్నడూ బావగారి ఎదుట నిలబడి మాట్లాడిన మనిషి కాదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచే. ఆ రోజు మాత్రం నేరుగా వచ్చి, ఆయన చేతిలోని ఈక తీసుకుని, తన ముంజేతి లోపలి వైపు గీత గీసుకుంది.

"మొదలు నాకేమైతదో చూద్దాం బావా. ఏం కాకుంటే బిడ్డకు మీరే పెట్టుండ్రి."

"నీకు తామర లేదాయె. నీకు పెడితే ఏం తెలుస్తది?" అన్నాడు బాపు.

"మంచి తోలే తట్టుకోకుంటే పుండు తట్టుకుంటదా?"

సాయంత్రం దాకా ఆమె చేతికి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున కూడా నల్లటి చార తప్ప ఏమీ లేదు. పెద్దబాపు వచ్చి చూసి, "నేను జెప్పలే?" అన్నాడు. బాపు గూట్లోంచి సీసా దించాడు. ఇంకో దినం ఆగమంది అవ్వ.

ఆ రోజు దురద ముందెన్నడూ లేనంత పెరిగింది. పేలికలు పళ్ళతో పీకేశాను. "అవ్వా, పెట్టవే. మండితే మండనీ," అని నేనే ఏడ్చాను. ఇంట్లో అందరూ ఒక వైపు, ఆమె ఒక్కతీ ఒక వైపు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మోచేతుల మీద తడిగుడ్డ వేసి, ఆరినప్పుడల్లా మళ్ళీ తడుపుతూ ఉండిపోయింది. పొయ్యి కూడా వెలిగించలేదు.

"నాకూ భయమైతుంది బిడ్డా. జర ఓపిక పట్టు," అంది మెల్లగా.

పొద్దు వాలేసరికి ఆమె చెయ్యి ఎర్రబడింది. తెల్లారేసరికి మోచేతి దాకా ఉబ్బి, చార పొడుగునా నీటి బొబ్బలు లేచాయి. ఒళ్ళు కాలిపోతోంది. బాపు ఆ చేతిని చూశాడు, తర్వాత నా మోచేతులు చూశాడు. సీసాను పెరట్లో లోతుగా పూడ్చి, బండి కట్టాడు.

మిషన్ దవాఖానలో నర్సమ్మ ముందు అవ్వ చేతికి కట్టు కట్టింది. తర్వాత నాకోసం చిన్న డబ్బాలో తెల్లటి మలాం ఇచ్చింది. స్నానం కాగానే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పల్చగా రాయాలి, పీచుతో రుద్దకూడదు అంది. "ఇది వస్తది, పోతది. పెద్దదైతుంటే తగ్గుతది," అని కూడా చెప్పింది. అవ్వ ఆ మలాం కూడా ముందు తన రెండో చేతికి రాసుకుంది. నర్సమ్మ నవ్వలేదు. "మంచిది, బిడ్డకు రేపు రాయి," అంది.

ఆ తర్వాత పెద్దబాపు వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. "ఎద్దును చూసిన గానీ పిల్లను చూడలే," అన్నాడు. "మీరు మేలుకే తెచ్చిండ్రు బావా," అంది అవ్వ, మళ్ళీ తలుపు చాటు నుంచే.

పెళ్ళీడు వచ్చేసరికి నా తామర చాలావరకు తగ్గింది. ఇప్పుడు మా మనవడికి అదే వచ్చింది. వాడు గోక్కుంటూ ఏడుస్తుంటే, ఇల్లంతా నా వైపే చూస్తుంటే, ఏదో ఒకటి పూసేసి ఊరట ఇయ్యాలని నా చెయ్యి తొందరపడుతుంది. తనకే నమ్మకం చాలక భయపడుతూ కూడా అవ్వ ఆ రోజంతా ఎలా ఆగగలిగిందో అప్పుడు ఆలోచిస్తాను. ఆ ఆగడం ఆమె దగ్గర చూసి నేర్చుకున్నాను గానీ, ఈ వయసులో కూడా అది నాకు పూర్తిగా పట్టుబడలేదు.