బుంబు పంటిసందు

సువా పట్నంలో చాప మీద కూర్చుని యంగోనా అనే మత్తు వేళ్ళరసం తాగే మగవాళ్ళ దగ్గర ఏ రహస్యమూ తెల్లారేదాకా నిలవదు. ఇసిరెలి దగ్గర మాత్రం నిలిచేది. ఆయన ఏళ్ళ తరబడి ‘పగడపు దిబ్బ’ అనే పరిశోధన పత్రిక నడిపాడు. చుట్టుపక్కల దీవుల్లో సముద్రం గురించి, చేపల గురించి ఎవరేం కనిపెట్టి రాసినా ముందు ఆయన బల్ల మీదికే వచ్చేది. వచ్చిన వ్యాసం మీద రాసినవాళ్ళ పేరు కొట్టేసి, ఆ విషయం తెలిసిన మరొకరికి పంపేవాడు. వాళ్ళు మంచీ చెడ్డా రాసిస్తే, వాళ్ళ పేరూ కొట్టేసి మొదటివాళ్ళకి చేరవేసేవాడు. రాసిందెవరో వీళ్ళకి తెలీదు, దిద్దిందెవరో వాళ్ళకి తెలీదు. రెండు పేర్లూ తెలిసినవాడు ఇసిరెలి ఒక్కడే.

చిన్న దీవుల్లో అందరూ అందరికీ చుట్టాలే. ఆ పేర్లు బయటపడితే పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. అందుకే ఎంతమంది గుచ్చి గుచ్చి అడిగినా ఆయన నోరు విప్పేవాడు కాదు.

"నా వ్యాసం చెత్తబుట్టకి కూడా పనికిరాదని రాసిన మహానుభావుడెవరో చెప్పవయ్యా. నేనేమీ అననులే, ఇంటికెళ్ళి ఓ దణ్ణం పెట్టొస్తా" అని ఓ ప్రొఫెసరుగారు ఆయనకి కొబ్బరిచిప్ప మీద కొబ్బరిచిప్ప యంగోనా పోయించాడు.

ఇసిరెలి చిప్ప ఖాళీ చేసి, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి, "వాన వచ్చేట్టుందండీ" అన్నాడు. సువాలో వాన ఎప్పుడూ వచ్చేట్టే ఉంటుంది.

పెద్ద చదువులేం లేవు ఆయనకి. చేపల శాఖలో దీవి దీవికీ తిరిగే ఉద్యోగం చేసి, కామాలూ చుక్కలూ సరిగ్గా పెడతాడని ఈ పత్రికలోకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన సులు పంచె, మెరిసే చెప్పులు, జేబులో రెండు కలాలు. మనిషి మంచివాడే. కాకపోతే తన మంచితనం మీద తనకే కాస్త ఎక్కువ నమ్మకం. పత్రికకి నియమాలన్నీ తనే రాశాడు. రాసినవాళ్ళ చుట్టాలెవరూ ఆ వ్యాసాన్ని పరీక్షించకూడదని అందులో ఒకటి. సంపాదకుడి చుట్టాల సంగతేమిటో మాత్రం రాయలేదు. తన సంగతి తనకి తెలుసు కదా, రాయడమెందుకు అనుకున్నాడు.

ఇక ఆయన చుట్టాల్లో ముఖ్యమైనవాడు జొలామె. చెల్లెలు లితియానా కొడుకు. మేనమామ ఊళ్ళో మేనల్లుడంటే వాసు. వాసు వచ్చి దేని మీద చెయ్యేసినా అది వాడిదే. ఎవరూ అడ్డు చెప్పరు, చెబితే మేనమామకే తలవంపులు. జొలామె పిల్లాడుగా ఉన్నప్పుడు, పెద్ద విందు కోసం ఇసిరెలి మేపుకుంటున్న పందిని మెడకి తాడు కట్టి లాక్కుపోయాడు. ఊరంతా గుమ్మాల్లో నిలబడి నవ్వింది. ఇసిరెలి భార్య లబోదిబోమంది గానీ, ఆయన మాత్రం "చూశావా, వాసు అంటే వాడే!" అని మురిసిపోయాడు. ఆ పంది కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. జొలామె పెద్దయి, చదివి, చేపల మీదే పాఠాలు చెప్పే మేష్టారయ్యాక ఇంకా ఎక్కువసార్లు చెప్పాడు.

ఇలా ఉండగా కందవు దీవి నుంచి మెరెలితా అనే అమ్మాయి ఒక వ్యాసం పట్టుకుని వచ్చింది. కవకవ చేపలు చలినెలల్లో గుడ్లు పెట్టడానికి పగడపు దిబ్బలోని ఒక సందు దగ్గర గుంపుగా చేరతాయి. ఆ అమ్మాయి ఏటా ఆ చలినీళ్ళలో దిగి వాటిని లెక్కపెట్టింది. దిగేముందు ఊరి పెద్దల ముందు యంగోనా వేళ్ళ కట్ట పెట్టి అనుమతి అడిగింది. వాళ్ళు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆ సందు పేరు అచ్చులో పడకూడదు. పడిందా, వలల లాంచీలు వచ్చి గుడ్లతో సహా ఊడ్చుకుపోతాయి.

"మరి ఈ పేరేమిటమ్మా? బుంబు పంటిసందు?" ఇసిరెలి కళ్ళజోడు సర్దుకున్నాడు. బుంబు అంటే అమ్మమ్మ.

మెరెలితా నవ్వింది. "అది మా అమ్మమ్మ పెట్టింది మావయ్యా. ఏ పేరు పెడదామా అని అందరూ బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే, 'నా ముందుపళ్ళ సందు పేరు పెట్టండే, అందులోంచీ బోలెడు చేపలు పోయాయి' అంది. పటంలో చుక్క కూడా వేరేచోట పెట్టాను. అక్కడికెళ్తే బురద తప్ప ఏమీ దొరకదు. పేరు మార్చామన్న ముక్క అచ్చుకెళ్ళేటప్పుడు వ్యాసం చివర్న చేరుద్దాం."

"మరి అసలు పేరు?"

"అచ్చుకెళ్ళే రోజు మీ చెవిలో చెప్తా. ఒక్క మీకే. ఊరివాళ్ళు ముందు దానికీ ఒప్పుకోలేదు. ఇసిరెలి మావయ్య నోట్లోంచి పేరు రాదు, పూచీ నాది అని ఒప్పించాను."

ఆ మాటకి ఆయన ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పక్కర్లేదు.

వ్యాసం ఎవరికి పంపాలన్న దగ్గర వచ్చింది చిక్కు. కవకవల గురించి తెలిసినవాళ్ళు దీవుల్లో ముగ్గురే. ఒకాయన మంచాన పడ్డాడు. ఇంకొకాయన నుమేయాలో ఉంటాడు, ఫ్రెంచి తప్ప చదవడు. మూడోవాడు జొలామె. నా రక్తమే కదా, వాడికన్నా నమ్మకస్తుడెవడు అనుకున్నాడు ఇసిరెలి. ఆదివారం చర్చి అయ్యాక, మట్టిపొయ్యిలోంచి తీసిన మాంసం తింటూ, పేరు కొట్టేసిన కాగితాలు మేనల్లుడి చేతిలో పెట్టాడు.

జొలామె నెల తిరక్కుండా తిరిగిచ్చాడు. "లాభం లేదు మావయ్యా. లెక్కలు తేలవు, పద్ధతి లేదు. వేస్తే నీ పత్రిక పరువే పోతుంది" అన్నాడు. ఇసిరెలి మారు మాట్లాడకుండా నమ్మాడు. మెరెలితాకి వీలుకాదని రాసేశాడు. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. లెక్క ఇంకా గట్టిగా ఉండాలేమో అనుకుని మళ్ళీ చలినీళ్ళలో దిగింది.

మరుసటి ఏడు లితియానా ఇంట్లో విందు. జొలామె వ్యాసం బ్రిస్బేన్‌లో ఒక పెద్ద పత్రికలో అచ్చయింది. పెద్ద మేష్టారి పదవి ఇక చేతికందినట్టే. చర్చి నుంచి వచ్చినవాళ్ళందరూ చాపల మీద కూర్చుంటే పత్రిక చేతులు మారుతూ వచ్చింది. చదవగలిగినవాళ్ళు తక్కువ, తడిమి చూసి మురిసినవాళ్ళే ఎక్కువ. ఇసిరెలి కళ్ళజోడు పెట్టుకుని, నా మేనల్లుడి పేరు అచ్చులో ఎలా ఉందో చూద్దామని తెరిచాడు.

పేరు బాగానే ఉంది. రెండో పేజీలో ఉన్న మాటని మాత్రం ఆయన రెండుసార్లు చదివాడు. ‘బుంబు పంటిసందు దగ్గర ఈ రచయిత స్వయంగా ఏటా చలినెలల్లో నీళ్ళలో దిగి లెక్కించిన వివరాలు.’ పక్కన పటం. పటంలో చుక్క. ఆ చుక్క పెట్టినచోట బురద తప్ప ఏమీ లేదు.

ఆయన లేచి వెనక వసారాలోకి వెళ్ళాడు. జొలామె వెంటే వచ్చాడు, చేతిలో కేకు ముక్కతో.

"ఎలా ఉంది మావయ్యా?"

"ఈ పంటిసందు ఎక్కడుందిరా?"

"కందవు దగ్గర. పటంలో ఉందిగా."

"దిగావా?"

జొలామె కేకు కాస్త కొరికాడు. "దిగాను."

"అది సందు కాదురా వెధవా! ఓ ముసలావిడ పళ్ళ మధ్య సందు. కావాలని పెట్టుకున్న దొంగపేరు. అక్కడ సందూ లేదు, చేపా లేదు. నువ్వు దిగింది నేను చేతికిచ్చిన కాగితాల్లోకి."

జొలామె మొహం పాలిపోయింది. అయినా మేష్టారు కదా, తొందరగానే తేరుకున్నాడు. కేకు ముక్క గట్టు మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అయితే ఇప్పుడేమంటావు? నేను వాసుని. నీ ఇంట్లో వస్తువు ముట్టుకోడానికి నన్నెప్పుడైనా అడగమన్నావా? పందిని తోలుకెళ్తే ఊరందరికీ చెప్పుకుని నవ్వావు."

"ఆ పంది నాది కాబట్టి నవ్వాను. ఇది నాదా? పరాయి పిల్ల దాచమని నా చేతికిచ్చిన సొమ్మురా ఇది."

"ఎవరికి తెలుస్తుంది? కాగితాలు ఎవరికిచ్చావో ఆ పిల్లకి తెలీదు. నువ్వు చెప్పవు." అని గొంతు తగ్గించి, నెమ్మదిగా నవ్వాడు. "నువ్వు పేర్లు చెప్పని మనిషివి కదా మావయ్యా."

దొంగతనం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. తను జీవితమంతా ఏ మాట నిలబెట్టుకుంటూ వచ్చాడో, దాని చాటునే వాడు నక్కి కూర్చున్నాడు. తన నోటికి తాళం ఉందని తెలిసే తన ఇంట్లో దోచుకున్నాడు. ఇసిరెలికి కోపం కూడా రాలేదు ముందు. గోడకి చేరగిలబడ్డాడు. ఆ పిల్ల పని చెత్త అని వీడు చెబితే, నమ్మి ఆమెకి అబద్ధం రాసింది ఈ చేతులే కదా అనుకున్నాడు. లోపల విందుకొచ్చినవాళ్ళు పాట పాడుతున్నారు.

వారం తిరక్కుండా ఆయన నోరు విప్పాడు. బ్రిస్బేన్ పత్రికకి మొత్తం రాశాడు. వ్యాసం ఎవరిది, పరీక్షించమని ఎవరికి ఇచ్చాడు, వాడు తనకేమవుతాడు, అన్నీ రాశాడు. కింద తన తప్పూ రాసి సంతకం పెట్టాడు. పత్రిక నుంచి తప్పుకుంటున్నానని పైవాళ్ళకి చెప్పాడు. వద్దని ఒక్కరూ అనలేదు. ఒకప్పుడు చిప్పలు పోయించిన ప్రొఫెసరుగారైతే, "ఈయన చెప్పే మనిషేనన్నమాట! అయితే నావి కూడా ఎవరెవరికి చూపించాడో" అన్నాడట. అది ఆయన చెవిన పడింది, భార్య దగ్గర ఒక్కసారి తలుచుకుని ఊరుకున్నాడు.

బ్రిస్బేన్‌వాళ్ళు జొలామె వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నట్టు అచ్చేశారు. వాడికి పెద్ద పదవి పోయింది, ఉన్న ఉద్యోగం ఊగిసలాడుతోంది. అప్పుడు వచ్చింది లితియానా.

ఊహ తెలిసినప్పటి నుంచీ అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా మాట్లాడుకున్నది లేదు. ఆ దీవుల మర్యాద అలాంటిది. ఆమె గుమ్మం దగ్గరే తల వంచుకుని కూర్చుంది. ఆమె మరిది ముందుకొచ్చి తంబువా తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. తిమింగలం పన్ను, తాడు కట్టి, చమురు పట్టి ఎర్రబారినది. క్షమాపణకి అంతకన్నా పెద్దది లేదు. అందుకున్నవాడు ఇక ఆ సంగతి ఎత్తకూడదు. "పిల్లాడి తప్పు కాయండి. బ్రిస్బేన్‌వాళ్ళకి ఇంకో మాట రాసి, పొరపాటు మీదేనని ఒప్పుకోండి" అన్నాడు మరిది.

ఇసిరెలి చేతులు ఒళ్ళోంచి తీయలేదు. తంబువా అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

"నాకెందుకిది? దోచుకున్నది నన్ను కాదు. కందవు తీసుకెళ్ళండి" అన్నాడు.

అప్పుడు లితియానా తలెత్తింది. మర్యాద పక్కన పెట్టి సూటిగా అన్నతోనే మాట్లాడింది. "నా కొడుకు తీసుకున్నాడు. నిజమే. మరి ఆ పిల్ల ఇచ్చింది ఎవరికన్నయ్యా? నా కొడుక్కా, నీకా?"

ఆ వారమే ఇసిరెలి తన తండ్రి నుంచి వచ్చిన తంబువాని పెట్టెలోంచి తీసి గుడ్డలో చుట్టుకుని, కందవు వెళ్ళే పడవెక్కాడు.

అక్కడ పెద్దలు ఆయన్ని చాప మీద కూర్చోబెట్టారు. ఆయన మోకాళ్ళ మీద జరిగి వెళ్ళి, జరిగిందంతా వాళ్ళ ముందు చెప్పి తంబువా ఇచ్చాడు. ఒకాయన అందుకుని ముద్దు పెట్టుకుని, చేతులు గుల్ల చేసి చప్పట్లు కొట్టాడు. దాంతో ఊరి కోపం మట్టిలో పూడ్చినట్టే. ఇసిరెలికి ఊపిరి తేలికపడింది.

భోజనం మెరెలితా ఇంట్లో. కర్రపెండలం, కొబ్బరిపాలలో ఉడికిన చేప, టీ. చలినీళ్ళలో నాని నాని ఆ పిల్ల వేళ్ళు మొద్దుబారినట్టున్నాయి. బుంబు గోడవారగా కూర్చుని చాప అల్లుతోంది.

"కోపం లేదు కదమ్మా?" అన్నాడు ఇసిరెలి.

"పెద్దలు తంబువా పుచ్చుకున్నాక కోపమేమిటి మావయ్యా. తినండి, చల్లారిపోతుంది."

"నీ పేరుతో ఎక్కడైనా వేయించే పూచీ నాది. బ్రిస్బేన్‌వాళ్ళే అడుగుతున్నారు. లెక్కలన్నీ అద్దంలా ఉన్నాయి, నేనే దగ్గరుండి..." ఆయన ఉత్సాహంగా ముందుకి వంగాడు. "అన్నట్టు, ఆ సందు అసలు పేరేమిటో నాకింకా చెప్పనేలేదు నువ్వు."

మెరెలితా టీ పోస్తూ పోస్తూ ఆపింది. ఆయన వైపు చూసింది. వసారాలో తను జొలామెని ఎలా చూశాడో, అచ్చం అలాగే.

"అదే అసలు పేరు మావయ్యా. బుంబు పంటిసందు."

గోడవారన ముసలావిడ నవ్వలేదు. అల్లుతున్న చాప ఒళ్ళో పెట్టుకుని, ముందుపళ్ళ సందు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి నోరు మూసుకుంది.