పెద్ద యారాలి కుంకుమ

ఇప్పుడు బజారులో పొట్లాలు కట్టి అమ్మేదాన్ని నేను కుంకుమ అనను, రంగు అంటాను. మా కోడళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అసలు కుంకుమ ఎట్లా ఉంటుందో చూసిన కళ్ళు నావి. చేసిన చేతులు మాత్రం నావి కావు. ఊరంతా నావేనని నమ్మింది, నేను నమ్మనిచ్చాను. అదే నా బాధ.

ఎక్కడో జర్మనీ లడాయి జరుగుతున్నదని మగవాళ్ళు అరుగుల మీద మాట్లాడుకునే రోజులు. నాకు పద్దెనిమిదేళ్ళు. వరంగల్ మట్టెవాడలో మాది పసుపు కుంకుమల దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక ఇల్లు, ఇంకా వెనక కొట్టుగది. ఇంట్లో మా అత్త, మా బావ, ఆయన భార్య, మా ఆయన, నేను. బావ భార్యను, అంటే నా పెద్ద యారాలిని, అక్కా అని పిలిచేదాన్ని. దుకాణం బావది, కుంకుమ చేసేది అక్క.

పసుపు కొమ్ములను ముక్కలు కొట్టి, నిమ్మరసంలో పటిక, వెలిగారం కలిపి నానబెట్టాలి. ముక్క రసం తాగి ఎర్రబడుతుంది. దాన్ని నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, పలుచని గుడ్డలో జల్లించాలి. చెప్పడానికి ఇంతే. ముక్క లోపలిదాకా ఎరుపెక్కిందో లేదో మాత్రం అక్క వేళ్ళకే తెలిసేది. చేసిన ప్రతిసారీ ముందు తన నుదుట పెట్టుకుని, చిన్న అద్దం పట్టుకుని వాకిట్లో ఎండకు చూసుకునేది. హనుమకొండ నుంచి కూడా పెళ్ళిళ్ళ వాళ్ళు మా కుంకుమే కావాలని వచ్చేవారు.

ఒక వానాకాలం ఊళ్ళో గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మనిషి రెండు రోజులు ఆగేవాడు కాదు. బావను దవాఖానాకు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. అక్కకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు, పిల్లల్లేరు. పదో రోజున బొట్టు తుడిచారు, గాజులు తీశారు. వాటితో పాటే ఆమె పని కూడా పోయింది. మొగుడు పోయిన మనిషి ముట్టిన కుంకుమ ముత్తైదువలు పెట్టుకోరు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరం లేకపోయింది.

పని నా నెత్తిన పడింది. మొదటిసారి ఇటుకపొడి రంగు వచ్చింది. రెండోసారి బూజు పట్టింది. మూడోసారి నా కోపమంతా రోటి మీద చూపించాను, రోకలి విరగలేదు గానీ కుంకుమ నల్లబడింది. వచ్చిన ఆడవాళ్ళు వేలితో తీసి మణికట్టు మీద రాసుకుని, మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయేవారు. ఇట్లాగే సాగితే దుకాణానికి తాళం వేయడమే.

ఒక మధ్యాహ్నం అక్క అత్త ముందుకొచ్చి కూర్చుంది. "అత్తా, కొట్టుగది తలుపేసుకొని నేను జేస్త. దుకాన్ల చెల్లె కూసుంటది. చెల్లెనే జేసిందని చెప్పుండ్రి" అంది.

మడి, ఆచారం అంటే ప్రాణం పెట్టే మా అత్త లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "ఎవలకన్న ఎర్కయితే?" అంది.

"ఎట్లయితది? ఇంట్ల నలుగురమే గదా. ఫికర్ జెయ్యకు."

మూడేళ్ళు అట్లా నడిచింది. తన నుదుట పెట్టుకుని చూసుకునే వీలు లేదు కాబట్టి అక్క నన్ను పిలిచేది. నేను బొట్టు పెట్టుకుని వాకిట్లో నిలబడితే, తలుపు సందులోంచి చూసి, "జర ఎండలకు జరుగు పిల్లా. ఊహూఁ, ఇంకోసారి జల్లించాలె" అనేది. "నీ మొఖం కోపానికి ఎర్రగున్నదా, నా కుంకుమకు ఎర్రగున్నదా, తెల్వనిస్తలేవు" అని ఆటపట్టించేది. భర్త పోయిన ఏడాదికే అంత నవ్వు ఎక్కడ దొరికిందో ఆమెకు!

పేరు మాత్రం నాది. మట్టెవాడ చిన్నకోడలి చేతి కుంకుమ అనేవారు. మొదట సిగ్గేసేది, తర్వాత అలవాటైంది, ఇంకొన్నాళ్ళకు నిజమే అనిపించింది. ఎవరైనా కిటుకు అడిగితే నిమ్మకాయల గురించి గంటసేపు చెప్పేదాన్ని. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఒకరోజు హనుమకొండ బట్టల షావుకారు భార్య కూతురి పెళ్ళికి కుంకుమ చెప్పడానికి వచ్చింది. దాహమేస్తున్నదంటే నేను లేవబోయాను. "నువ్వు కూసో, నేనే తాగొస్త" అని చనువుగా లోపలికి నడిచింది. ఆ వేళ ఉక్కపోతకు అక్క కొట్టుగది తలుపు తీసి పెట్టుకుంది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి షావుకారమ్మ ఆ గడప ముందు నిలబడి ఉంది. లోపల అక్క, మోచేతులదాకా ఎరుపు.

"ఇది ఎవలు జేస్తాండ్రు?" అని ఆమె నన్నే అడిగింది. వంటింట్లోంచి అత్త కూడా వచ్చింది.

మూడేళ్ళ నుంచి మీరు పెట్టుకుంటున్నది ఈమె చేతి కుంకుమే, మీ ఆయన నిక్షేపంగా ఉన్నాడు కదా అని అడగాల్సింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ మాట ఇప్పుడు తోస్తున్నది. అప్పుడు నాకు కనిపించింది నా పేరు, చేజారిపోయే పెళ్ళి బేరం.

"నాకెర్కలేదమ్మా. నేను దుకాన్ల ఉన్నప్పుడు వచ్చి ముట్టినట్టున్నది" అన్నాను.

అక్క నా వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ కుంకుమలో గుమ్మరించి, పళ్ళెం ఎత్తి మోరీలో పారబోసింది. మోరీ వీధిదాకా ఎర్రగా పారింది. "నీదేం తప్పు పిల్లా. మళ్ళ మడితోని జేసియ్యి" అని షావుకారమ్మ నా భుజం తట్టి పోయింది.

నాలుగోనాడు అక్క నెక్కొండలో తమ్ముని దగ్గరికి రైలెక్కింది. ఎవరూ పొమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు. స్టేషన్‌దాకా నేనే వెళ్ళి మూట అందించాను. పెద్ద మనసు గల మనిషి కాబట్టి నా పరువు కాపాడిందని సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేకుండా ఆ మాట మీదే ఏళ్ళు గడిపాను.

పెళ్ళికి నేను చేసిచ్చిన కుంకుమ వాపసు వచ్చింది. ఏడాది తిరక్కుండానే దుకాణం మూతపడింది. మా ఆయన మండీలో పసుపు తూకం వేసే పనికి కుదిరాడు. నేను ఇళ్ళకు కారం, సీకాయ పొడి దంచి ఇచ్చాను. చేతులు మండి ఏడ్చిన రోజులున్నాయి. అయినా ఇల్లు నిలబడింది. నాకూ మొండితనం తక్కువ కాదు.

ఊళ్ళల్లో రజాకార్ల గడబిడ సద్దుమణిగాక, ఒకసారి ధైర్యం చేసి నెక్కొండ పోయాను. స్టేషన్ బయట రేకుల పందిరి కింద అక్క కనిపించింది. పెద్ద గంజు నిండా ఉడికిన బబ్బెర గుడాలు, అంటే అలసందల గుగ్గిళ్ళు, పక్కన మోదుగాకుల కట్ట, తరిగిన ఉల్లిగడ్డ. ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చెప్పినట్టు పని చేస్తున్నారు. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. "రైలోళ్ళకు ఆకలే గని, వండింది ఎవలని చూసే టైం యాడిది?" అని నవ్వి, నాకూ ఒక ఆకులో పెట్టింది.

జనం పలచబడ్డాక నోరు విప్పాను. "అక్కా, ఆనాడు నువ్వు ఒక్క మాట గూడ అనలే. అందుకే నా ఇజ్జత్ నిలవడ్డది. నీకున్న ఓర్పు ఎవలకుంటది?"

అక్క ఆకులు తుడవడం ఆపింది.

"ఓర్పా? నీ మొఖమే చూస్తున్న పిల్లా. ఇగ చెప్తది, ఇగ చెప్తది అని. నేను చెప్తే ఎవలు నమ్ముతరు? నువ్వు చెప్తే నమ్ముదురు. షావుకారమ్మ గడప దాటేదాక చూసిన. తర్వాత నాలుగు దినాలు చూసిన. నువ్వు మూట అందిచ్చినంక, రైలు కదిలేదాక చూసిన."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిట్టించుకుని ఏడ్చేదాన్ని. తప్పయింది అక్కా అనే మాట కూడదీసుకునేలోపే వరంగల్ బండి వచ్చింది. జనం బిలబిలమంటూ దిగి పందిరి కిందికి వచ్చారు. అక్క గంటె అందుకుని గుడాలు పెట్టడం మొదలుపెట్టింది, నేను వాళ్ళ వెనక నిలబడిపోయాను.