శరత్తులో మా ఊళ్ళో ఆకులు రాలవండి

నా చిన్నప్పుడు నేనొక వాక్యంతో పేచీ పెట్టుకున్నాను. "శరదృతువులో అడవిలో ఆకులు రాలతాయి." నాలుగే మాటలు. ఆ నాలుగు మాటల్నీ వందసార్లు రాసుకెళ్తే నా చదువు సాగుతుంది. రాయకపోతే బడి మానేసి ఇంటికెళ్ళి ఎండుచేపలు తిరగెయ్యాలి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. రాయనన్నాను. ఇప్పుడు అరవై దాటాయి, అలా అనడం మంచిపనే అని ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే కాదనడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని నాకు నేర్పింది మా పక్కింటి అక్క.

మాది రేపల్లెకి అవతల, కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఉన్న చేపల పల్లె. ఇంటి వెనక పడవెక్కితే కాసేపటికే మడ అడవి వచ్చేది. మా తాతయ్య నన్ను ముందు కూర్చోబెట్టుకుని పీతలకి వెళ్ళేవాడు. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేళ్ళు, పోటు వస్తే సగం మునిగి నీళ్ళు తీశాక మళ్ళీ తేలే చెట్లు, వాటి మీద పడుకున్నట్టుండే తెల్ల కొంగలు. నేను చూసిన మొదటి అడవి అదే. లోకంలో అడవులన్నీ ఉప్పునీళ్ళలోనే ఉంటాయని చాలాకాలం నమ్మాను.

ఐదో తరగతి తర్వాత మా పల్లెలో బడి లేదు. తెనాలిలో చేపల వ్యాపారం చేసే మా బాబాయి, పిన్ని నన్ను తమ దగ్గర పెట్టుకుని చదివిస్తామన్నారు. మా నాన్న ఒకపట్టాన ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుంటూ ఒక్క మాటన్నాడు: బడి నుంచి నామీద ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆరోజే రైలెక్కించి ఇంటికి తెచ్చేస్తానని. మా నాన్న ఊరికే బెదిరించే మనిషి కాదు. అందుకే ఏడాదికి పైగా బడిలో నోరు విప్పకుండా చదువుకున్నాను.

ఏడో తరగతిలో, దసరా సెలవులయ్యాక, మా బడికి పెట్టెనిండా పుస్తకాలొచ్చాయి. అన్నీ అడవుల గురించే. ఎక్కడో చలిదేశంలో రాసి, రంగుల్లో అచ్చేసి, తెలుగులోకి మార్చి పంపించిన పుస్తకాలు. నున్నటి కాగితం, మంచి వాసన. మా క్లాసు మాస్టారు తనే కూర్చుని వాటికి ఖాకీ అట్టలు వేశారు. చేతులు కడుక్కుని వస్తేగానీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నా చేత మాత్రం రెండుసార్లు కడిగించేవారు. కడిగేదాన్ని, ఎందుకంటే నాకు ఆ పుస్తకాల పిచ్చి పట్టింది. ఎలుగుబంట్లు, మంచు, సూదుల్లాంటి ఆకులున్న చెట్లు, అన్నీ నోరు తెరుచుకుని చూసేదాన్ని. శరదృతువు అని రాసిన పేజీలో అడవంతా ఎర్రగా, పసుపుపచ్చగా మారిపోయి, చెట్ల కింద ఆకులు కుప్పలుగా పడి ఉండేవి.

ఆ బొమ్మ ఎంత బాగుందో అంత తికమక పెట్టింది నన్ను. మాకు శరత్తంటే దసరా, దీపావళి, కార్తీకం. కాలవగట్ల మీద రెల్లు తెల్లగా పూసి, వరిచేలు కంకి తియ్యబోతూ పొట్టమీద ఉండి, ఎటు చూసినా పచ్చగా ఉండే రోజులు. ఆకులు రాలేది మాఘంలో కదా. బడి ముందున్న బాదం చెట్టు ఆకులు ఎర్రబడేదీ అప్పుడే కదా. ఎవర్నీ అడగలేదు, లోపలే ఉంచుకున్నాను.

అప్పుడే ఇన్‌స్పెక్షన్ వస్తుందన్నారు. ఆ పుస్తకాలు చదివి శరదృతువులో అడవి గురించి అందరూ వ్యాసం రాయాలని, బాగున్నదాన్ని ఆఫీసరు గారి ముందు చదివిస్తామని మాస్టారు చెప్పారు. నేను మా అడవి గురించి రాశాను. ఆ రోజుల్లో మడచెట్ల నుంచి కాయలు రాలతాయని, అవి నీళ్ళమీద తేలుతూ పోయి ఎక్కడ బురద తగిలితే అక్కడ వేరు దించి నిలబడతాయని, మా తాతయ్య పడవ కింద అవి నలక్కుండా తెడ్డుతో పక్కకి నెడతాడని రెండు పేజీలు రాశాను.

మాస్టారు దాన్ని క్లాసులో పైకి చదవడం మొదలుపెట్టారు. మెచ్చుకోవడానికే అనుకుని ఉబ్బిపోయాను. సగంలో ఆపి, "బురదలో చెట్లుంటే అది అడవేంటి?" అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. వెనక బెంచీలోంచి ఎవరో "పీతల అడవండి" అన్నారు. నేను లేచి, మా తాతయ్య చూపించాడండి అన్నాను. మీ తాతకి చదువొచ్చా అని అడిగారు. రాదన్నాను. "అయితే అచ్చయిన పుస్తకం అబద్ధం, మీ తాత నిజమా?" అని, ఆ రెండు పేజీల మీదా మూల నుంచి మూలకి ఎర్రసిరాతో గీత గీశారు. ఆ నాలుగు మాటల వాక్యాన్ని సోమవారానికి వందసార్లు రాసుకురమ్మన్నారు. లేకపోతే నాన్నకి కబురు చేస్తామన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. పుస్తకమంటే ప్రాణం పెట్టే మనిషి, దాన్ని అనుమానించాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వినవాళ్ళ మీద కన్నా ఆ ఎర్రగీత మీద ఎక్కువ కోపం వచ్చింది. మా తాతయ్యని అబద్ధాలకోరని పదిమందిలో తేల్చేసినట్టే అనిపించింది.

పిన్నికి చెబితే తేలిగ్గా తీసిపారేసింది. "రాసి పడెయ్యవే. ఆకులు రాలితే నీకేంటి, రాలకపోతే నీకేంటి? మీ నాన్నకి తెలిస్తే నీ చదువు ఏం కావాలి?" అంది. పిన్ని అన్నది నిజమే, అందుకే ఇంకా ఉక్రోషం వచ్చింది. రాయను గాక రాయనన్నాను. అన్నం కూడా తిననన్నాను. కాసేపటికి ఆకలేసి అన్నం మాత్రం తిన్నాను.

పక్కింటి అక్క బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివేది. ఆడపిల్లకి ఈ మట్టి చదువేంటని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంటే, అక్క వాళ్ళ ముందు నుంచే సంచీ ఊపుకుంటూ స్టేషన్‌కి వెళ్ళేది. శనివారం శనివారం ఇంటికొచ్చేటప్పుడు ఆ సంచీ నిండా ఆకులు, రెమ్మలు ఉండేవి. వాటిని పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, పేపర్లు మారుస్తూ ఎండబెట్టి అట్టలకి అంటించేది. ఒక్కో అట్ట కింద ఒక చీటీ. ఆ అట్టలన్నీ కుడితే ఒక పుస్తకం, దానికే కాలేజీలో మార్కులు. పేపర్లు మార్చే పని నాకిష్టమని నాకే ఇచ్చేది.

ఆ శనివారం సాయంత్రం పేపర్లు మారుస్తూ నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. అక్క అయ్యో అనలేదు. అడుగునుంచి ఒక అట్ట తీసి నా ముందు పెట్టింది. ఒక్క ఆకూ ముడత పడని రెమ్మ, ఆ కట్టలో దానంత అందమైంది ఇంకోటి లేదు. "దీన్ని మా సార్ విసిరికొట్టారు" అంది. ఎందుకని అడిగాను. చీటీ చూడమంది. చెట్టు పేరుంది, తేదీ ఉంది. ఎక్కడ కోసిందో లేదు.

"ఊరు రాయడం మర్చిపోయా. ఊరు లేని ఆకు ఎంత బాగున్నా చెత్తబుట్టకేనంట" అంది అక్క. నేను ఆ చీటీ వైపే చూస్తుంటే మెల్లగా అడిగింది: "మీ మాస్టారి పుస్తకంలో ఆకులు ఏ ఊళ్ళో రాలాయి?"

చలిదేశంలో అన్నాను. మరి ఆ సంగతి వాక్యంలో ఏదీ అంది.

నాకు వెలిగింది. అయినా నేను రాయకుండా వెళ్ళి ఇదే మాట మాస్టారికి చెబుతానన్నాను. అక్క ఒప్పుకోలేదు. రాయకపోతే మొండిపిల్ల అన్న పేరే మిగులుతుంది, నువ్వేమన్నావో ఎవరికీ గుర్తుండదు అంది. "వంద రాయమన్నారుగా, వందా రాయి. ఒక్కటి తగ్గకూడదు, అక్షరం వంకర పోకూడదు. ఊరు మాత్రం కలుపు. ఇచ్చేటప్పుడు నవ్వకూడదు, ఏడవకూడదు" అని గట్టిగా చెప్పింది.

ఆదివారమంతా కూర్చుని రాశాను. "పుస్తకం రాసినాయన ఊళ్ళో శరదృతువులో అడవిలో ఆకులు రాలతాయి." ఇరవై రాసేసరికి చెయ్యి లాగింది. ముప్ఫై దాటాక సంతోషం మొదలైంది. నలభయ్యో వాక్యం దగ్గర ఇక ఆగలేక, దాని పక్కనే "మా ఊళ్ళో రాలవు" అని కలిపాను. అక్కణ్ణుంచి వందదాకా రెండూ రాశాను. అక్క చూసి నాలుక కరుచుకుంది. "ఈ రెండోది నేను చెప్పలేదు తల్లీ. దెబ్బలు పడితే నా పేరెత్తకు" అంది గానీ, కొట్టెయ్యమనలేదు.

సోమవారం మాస్టారు మొదటి పేజీ చూసి తలెత్తారు. ఏంటిదన్నారు. "మీరు చెప్పిన వాక్యమేనండి. ఊరు కలిపానండి" అన్నాను. కలపమని ఎవరు చెప్పారన్నారు. అక్క పేరెత్తలేదు. "ఊరు లేకపోతే ఎక్కడి ఆకో తెలీదు కదండీ" అన్నాను. అక్క చెప్పినట్టే నవ్వలేదు, ఏడవలేదు. ఆయన పేజీలు తిప్పుతూ నలభయ్యో వాక్యం దగ్గరికొచ్చారు. అంతే, నోటుబుక్కు మూసేసి, నన్ను గుమ్మం బయట నిలబెట్టి, నాన్నని పిలిపించమని బాబాయికి కబురు పంపారు.

రెండు రోజులు గుమ్మం బయటే ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గేంటి, బాగా భయం వేసింది. పిన్ని నా బట్టలు మూట కట్టేసింది. నాకు అక్క మీద కోపం వచ్చింది, ఆ కాయలు చూపించినందుకు తాతయ్య మీదా కోపం వచ్చింది. ఒక్క పూట కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసేస్తే పోయేది కదా అని కూడా అనిపించింది.

బుధవారం నాన్న వచ్చాడు. పొద్దున్నే పడవ, తర్వాత బస్సు, ఆ తర్వాత రైలు. ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. మాస్టారు చెప్పవలసిందంతా చెప్పారు. పెద్దలంటే గౌరవం లేదని, అచ్చులో ఉన్నదాన్నే కాదంటోందని, ఇలాంటి పిల్లతో కష్టమని. నాన్న అంతా విని, "ఏం రాసిందండి?" అని అడిగాడు. ఆయనకి చదవడం రాదు. మాస్టారు నోటుబుక్కు తెరిచి రెండు వాక్యాలూ చదివి వినిపించారు.

రెండో వాక్యం ఇంకోసారి చదవమన్నాడు నాన్న.

"ఇందులో తప్పేంటండి?" అన్నాడు.

మాస్టారు నోరు తెరిచేలోపు తనే మళ్ళీ అన్నాడు. "కార్తీకంలో మా మడలో ఆకు రాలదండి. కాయ రాలుద్దండి. పుట్టిన కాడ్నించి చూస్తన్నానండి. తమరొస్తే పడవలో తీసుకెళ్ళి చూపిస్తాను." గొంతు పెంచలేదు. పల్లెలో చేపల గురించి, గాలి గురించి మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు. మాస్టారి బల్ల ముందు నాన్న అంత పొడుగ్గా ఉంటాడని నాకు అప్పుడే తెలిసింది.

మాస్టారు నోటుబుక్కు మూసి, "సరే, వెళ్ళి కూర్చోమనండి" అన్నారు. పొరపాటైందని అనలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున ఇంకో అమ్మాయి చలిదేశపు అడవి గురించి చదివింది, ఆఫీసరు గారు చప్పట్లు కొట్టారు. మాస్టారు మా పడవెక్కడానికి ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం నాన్నని సాగనంపడానికి స్టేషన్‌కి వెళ్ళాను. ఉండబట్టలేక నేనే కదిపాను, ఫిర్యాదు వస్తే తీసుకుపోతానన్నావు కదా అని. "నిజమైన ఫిర్యాదైతే తీసుకుపోయేవాణ్ణి" అన్నాడు. బండి వచ్చింది. ఎక్కబోతూ ఆగి, "ఆ కాయల సంగతి రాశావా?" అని అడిగాడు.

"రాశా నాన్నా. మాస్టారు కొట్టేశారు."

"మళ్ళీ రాయి" అని బండెక్కాడు.

మళ్ళీ రాశాను. రెండు పేజీలు నాలుగయ్యాయి. అక్క చదివి, తన ఆకుల చీటీ ఒకటి దాని కింద అంటించి, ఊరి పేరు నా చేతే రాయించింది. తర్వాత నేనూ బాపట్లలో టీచర్నే అయ్యాను. నా మాటని కొట్టేసినవాళ్ళు ఆ మాస్టారి తర్వాత చాలామందే వచ్చారు, వాళ్ళలో కొందరు నాకన్నా బాగా చదువుకున్నవాళ్ళు. కొట్టేసిన ప్రతిసారీ ఊరు కలిపి మళ్ళీ రాశాను.

మొన్న నా మనవరాలికి బడిలో అక్టోబరు నెల చెట్టు బొమ్మ ఇచ్చి, ఆకులకి నారింజరంగు వెయ్యమన్నారట. అది కిటికీలోంచి బయటికి చూసి అన్నిటికీ పచ్చరంగు వేసి సున్నా తెచ్చుకుంది. వాళ్ళమ్మ దిద్ది పంపిద్దామంది. నేను దిద్దనివ్వలేదు. బొమ్మ కింద బాపట్ల అని రాయించి అదే పంపించాను. రేపు వచ్చి మాట్లాడమని టీచరమ్మ కబురు చేసింది. నేనే వెళ్తున్నాను. ఏమడగాలో మా నాన్న ఎప్పుడో మాస్టారి బల్ల ముందే చెప్పాడు.