బావిలో వేలాడిన పూలకాడ

1978 ఎండాకాలం. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన నేను నర్సరీ పెట్టి అప్పటికి నాలుగైదేళ్లు. నర్సరీ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. మెట్లున్న పాత రాతి బావి ఒకటి, దాని పక్కన తడికెల పందిరి, పందిరి కింద గులాబీలు, మల్లెలు, క్రోటన్లు, నిమ్మ అంట్లు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఒక పూలతోటలో పనిచేసి వచ్చాను కాబట్టి నోరు తిరగని మొక్కల పేర్లు చాలానే తెలుసు. ఆ పేర్లు ఆదోనిలో నాకు ఎందుకూ పనికిరాలేదు. మా ఊళ్లో మొక్క కొనేవాళ్లు రెండే అడుగుతారు. పూస్తుందా? పూస్తే తల్లోకి పనికొస్తుందా? రెండోదానికి లేదన్నానంటే మల్లెల వైపు నడిచేవాళ్లు.

అలాంటి నర్సరీకి ఒక మిట్టమధ్యాహ్నం రిక్షాలో ఒకామె ఆర్కిడ్ తెచ్చింది. తడిగుడ్డ చుట్టిన వెదురుబుట్టను ఒళ్లోంచి దించకుండానే కూర్చుంది. బెంగళూరు వదిలాక ఆ మొక్కను చూడటం అదే మొదలు. నాకు పాత స్నేహితుడు కనబడినట్టే అయింది. కానీ గుడ్డ విప్పేసరికి ఆ సంతోషం కాస్తా పోయింది.

ఆమె పేరు శారదమ్మ. ఊళ్లో ఒక పత్తి వ్యాపారి ఇంటి చిన్నకోడలు. కన్నడ యాస మాటల్లో ఇంకా పోలేదు.

"చూడన్నా. మొన్నటిదాకా బాగుండె. పొద్దున ఆకు పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది."

ఈ రకం ఆర్కిడ్‌ను ఫాలనాప్సిస్ అంటారు. మన్ను అక్కర్లేదు. బొగ్గు ముక్కల్లో, కొబ్బరి పీచులో వేళ్లు పెట్టుకుని గాలిలో తేమ తాగి బతుకుతుంది. ఆకులన్నీ కలిసే నడినెత్తిని క్రౌన్ అంటాం. కొత్త ఆకు రావాలంటే అక్కడి నుంచే రావాలి. ఈ మొక్కకు ఆ నెత్తే కుళ్లింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన వచ్చింది. అడుగున ఒక్క ఆకు గట్టిగా ఉంది, వేళ్లు బాగున్నాయి, పక్కనుంచి పొడవాటి పూలకాడ, కొసన వాడిన తెల్లపూలు.

"నీళ్లు ఎట్ల పోస్తావమ్మా?" అన్నాను.

"వేళ్లకే పోస్తా నేను," అని తల తిప్పుకుంది. ఆ 'నేను' అనే మాట నాకు అప్పుడు పట్టలేదు.

తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ల నాన్న చిక్కమగళూరు కొండల్లో ఒక కాఫీ తోటలో గుమాస్తా. తోట యజమానురాలు ఇచ్చిన మొక్కను ఆయన క్వార్టర్స్ వసారాలో వేలాడగట్టి పెంచాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. కిందటి వానాకాలంలో నాన్న చనిపోయాడు. క్వార్టర్స్ వేరే గుమాస్తాకు ఇచ్చారు. ఈమె మొక్కను ఒళ్లో పెట్టుకుని రైలెక్కి ఆదోని తెచ్చుకుంది.

"అప్పయ్య పోయినాక నాకు పుట్టింటికి పోవల్లంటే యాడికీ లేదన్నా. మా తోడికోడలి పుట్టింటోళ్లు వస్తే ఇంట్లో ఓళిగలు చేస్తారు. నా తరఫున ఆ గడప తొక్కేవాళ్లు ఇంక లేరు. ఇదొక్కటే వచ్చిండేది."

ఓళిగలంటే మీ వైపు బొబ్బట్లు. చుట్టం వచ్చాడంటే మా వైపు పొయ్యి మీద పెనం ఎక్కాల్సిందే.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "ఈ మొక్క బతకదమ్మా. కాడ మాత్రం పచ్చగుంది. దానిమీద ఆశ పెట్టుకోవచ్చు. గట్టిగా మాత్రం చెప్పలేను," అన్నాను. ఆమె ఏడవలేదు. బుట్ట నా చేతికిచ్చి, మళ్లీ ఒకసారి ఆకు తాకి, రిక్షా ఎక్కింది.

మొక్క ఎలాంటి చోట ఉండేదో చూద్దామని మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. వెనక వసారాలో ఖాళీ కొక్కెం వేలాడుతోంది. నేను చూస్తుండగానే అత్తగారు ఈరమ్మ పూజగది నుంచి కంచు గిన్నెతో వచ్చి, అలవాటుకొద్దీ చెయ్యి పైకెత్తి, కొక్కెం ఖాళీగా ఉండటం చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మా అది?"

"ఈరన్నసామి అభిషేకం నీళ్లప్పా. తొక్కేచోట పోయగూడదు గదా. ముందు తులసికి పోస్తాంటి. ఇది వచ్చినప్పట్నించి దీని నెత్తిన పోస్తాండా."

"రోజూనా?"

"రోజూ. దానికి మన్ను గూడ లేదు, ఏం తిని బతుకుతాదో పాపం. ఇందులో పాలుంటాయి, పెరుగుంటాది, తేనె ఉంటాది. కోడలి పానమంతా దానిమీదే. దేవుని నీళ్లు పడితే బాగా పెరుగుతాదని..."

మా దగ్గరి ఉరుకుంద గుళ్లోని ఈరన్నసామిని కొలిచే ఇళ్లలో అభిషేకం నీళ్లు చెట్టుకు పోయడం మామూలే. మల్లెకో తులసికో పోస్తే మన్ను తాగేస్తుంది, ఏమీ కాదు. ఇక్కడ మన్ను లేదు. దొప్పలాంటి ఆ క్రౌన్‌లో పాలు నిలిచి పులిసిపోయాయి. ఆ సంగతి ఆమెకు వివరంగా చెప్పాను. గిన్నె కింద పెట్టి గడప మీద కూర్చుండిపోయింది.

"నువ్వు సెప్పొద్దప్పా. నేనే సెప్తా."

"ఎప్పుడు చెప్తావమ్మా?"

"నోరు రావల్ల గదా," అంది.

ఇక నా పని. పూలకాడను స్పైక్ అంటాం. దానిమీద చెరకుకు ఉన్నట్టే కణుపులుంటాయి. కణుపంటే నోడ్. ఒక్కో నోడ్ మీద పలచని పొర, ఆ పొర కింద ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపగలిగితే రెండిట్లో ఒకటి జరుగుతుంది. పూలకొమ్మ వేస్తుంది, లేదా చిన్న మొక్కే పుడుతుంది. కాడమీద పుట్టిన ఆ మొక్కను కీకీ అంటారు. ఏదో ద్వీపం భాషలో పసిబిడ్డ అని అర్థమట, బెంగళూరులో మా పెద్దమాలి చెప్పేవాడు.

కుళ్లిందంతా గీకి, వేరుశనగ చేలకు చల్లే గంధకం పొడి అద్దాను. వాడిన పూల దగ్గర కాడ కొస కోసి, రెండు నోడ్ల మీద పొరలను కొత్త బ్లేడుతో తీశాను. అంతవరకూ ఎవరైనా చేస్తారు. దానికి కావలసిన తేమ ఆదోని ఎండాకాలంలో ఎక్కణ్ణుంచి తేవాలి? గాజుగది కట్టే స్తోమత నాకు లేదు. బావిలోకి తొంగి చూశాను. రాళ్ల సందుల్లో నాచు పచ్చగా ఉంది. మొక్కను తాడుకు కట్టి బావి సగం లోతుకు దించాను, నేరుగా ఎండ తగలకుండా, వెలుతురు మాత్రం పడేలా. చూసినవాళ్లు నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

శారదమ్మ వీలైనప్పుడల్లా వచ్చేది. మెట్లు దిగి, మొక్క ఎదురుగా ఉన్న మెట్టు మీద కూర్చునేది. పైన రోడ్డు మీద పత్తి బండ్లు, దుమ్ము, ఎండ. కింద రాళ్ల మీంచి చుక్క చుక్కగా నీళ్లు పడుతుండేవి. ఒకరోజు కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని పిలిచాను.

"ఏం లేదన్నా. ఈడ మా ఊరి వాసన వస్తాంది. వాన పడుతుంటే మా వసారాలో ఇట్లే ఉంటుండె," అంది. తర్వాత కాడ వైపు చూస్తూ అడిగింది. "పుడితే అది దీని బిడ్డ అవుతుందా?"

"కాదమ్మా. విత్తనంతో పుడితే బిడ్డ. కాడమీద పుట్టింది అదే చెట్టు. మీ నాయన చెయ్యి పడినదే."

ఆమె తలూపింది. ఆ మాట అన్నాక నాకు భయం వేసింది. అంతవరకూ ఒక మొక్కను బతికిస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు అది చస్తే ఆమెకు నాన్న ఇంకోసారి పోయినట్టే గదా.

శ్రావణంలో పై నోడ్ ఉబ్బింది. ఆ రోజు ఈరమ్మ కూడా కోడలితో వచ్చింది. ఉరుకుంద పోయి బస్సు దిగి నేరుగా వచ్చారు, నుదుట గంధం ఇంకా ఆరలేదు. నేను తాడు పైకి లాగి చూపించాను. వచ్చింది కీకీ కాదు, పూలకొమ్మ. కొస గుండ్రంగా ఉంటే పువ్వు, సూదిగా రెండుగా చీలితే ఆకు.

"పూస్తుందా అన్నా? అప్పయ్య సంవత్సరీకం వస్తాంది," శారదమ్మ మొహం వెలిగిపోయింది.

"పూస్తుందమ్మా. కానీ దీనికున్నది ఒక్క ఆకు. ఉన్న బలమంతా పువ్వుకే పోతుంది. పూసి, చచ్చిపోతుంది. దీన్ని తుంచేస్తే కింది నోడ్ లేచినా లేవొచ్చు. పువ్వు కావాలో, చెట్టు కావాలో నువ్వే చెప్పాల."

బ్లేడు ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు ఈరమ్మకు నోరొచ్చింది.

"అమ్మా శారదా, దాన్ని సంపింది నేనే. అభిషేకం పాలు దాని నెత్తిన పోస్తాంటి."

శారదమ్మ అత్త వైపు తిరగలేదు. "తెలుసత్తా. మీరు లోపలికి పోతూనే నేను పత్తితో అద్ది తీసేస్తాంటి. జ్వరమొచ్చి పండుకున్నప్పుడు అద్దేకి కాలేదు."

"మరి వద్దని నాకు సెప్పకూడదా?"

"ఎట్ల సెప్తును? ఆ ఇంట్లో దాన్ని పలకరించేది మీరొక్కరే."

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శారదమ్మ వంగి పూమొగ్గను తుంచింది. తుంచిన మొగ్గను అత్త చేతిలో పెట్టింది. ఆ ఇద్దరి మధ్యా నేను చేసే పని ఏమీ లేక తాడు ముడి సరిచేస్తూ నిలబడ్డాను.

కింది నోడ్ చాన్నాళ్లు నన్ను ఏడిపించింది. దసరా దాటాక సూదిమొనలా ఒక పచ్చటి కొస కనబడి, రెండుగా చీలింది. ఆకులు వచ్చాయి. తర్వాత ఆకుల కింద లావు దారాల్లా వేళ్లు వేలాడాయి. అవి చూపుడువేలంత పొడుగు అయ్యేవరకూ పిల్లమొక్కను కోయకూడదు. మేం ఆగాం. తల్లి మొక్క మిగిలిన ఒక్క ఆకునూ పసుపు చేసుకుంటూ, ఉన్నదంతా ఆ పిల్లకే ఇచ్చి ఎండిపోయింది. కీకీని కాడతో సహా కోసి, బొగ్గు, పీచు నింపిన కొబ్బరి చిప్పలో నాటి ఇచ్చాను. ఇంట్లో వసారా చుట్టూ గోనెపట్టాలు కట్టించాను. వాటిని తడపడం ఈరమ్మ పని. అభిషేకం నీళ్లు మళ్లీ తులసికి వెళ్లాయి.

1981 చలికాలంలో ఈరమ్మ కబురంపింది, ఒకసారి వచ్చి పొమ్మని. మొక్కకు ఏం ముంచుకొచ్చిందోనని పరుగున వెళ్లాను. వసారాలో అదే కొక్కేనికి కొబ్బరి చిప్ప, దానిలోంచి వంగిన కాడ, కాడ నిండా తెల్లపూలు. వంటింటి నుంచి బెల్లం, నెయ్యి కాగుతున్న వాసన. ఈరమ్మ చేతులకు పిండి.

"ఏం పండగమ్మా ఈరోజు?" అన్నాను.

"పండగేంది అంజినప్పా? కోడలి పుట్టింటోళ్లు వచ్చినారు గదా. ఉత్త అన్నం పెట్టి కూర్చోబెడతామా?" అని పూల ముందు పీట వేసి, విస్తరి పరిచి, ఓళిగ వడ్డించి నెయ్యి పోసింది. నీళ్లచెంబు కూడా పెట్టింది.

మొక్క కుళ్లినప్పుడు ఏడవని శారదమ్మ, మొగ్గ తుంచినప్పుడు ఏడవని శారదమ్మ, ఆ విస్తరి చూసి తలుపుకు ఆనుకుని గట్టిగా ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి. ఈరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి వడ్డించింది.

ఆ తర్వాత నేను ఇంకెన్నో మొక్కలు బతికించాను, చంపుకున్నాను. ఎవరైనా కొత్త కోడలు నర్సరీకి వస్తే మాత్రం, ఎండ ఎంత, చోటు ఎంత అని అడగడం మానేశాను. "మీ ఊళ్లో మీ ఇంటి ముందర ఏ చెట్టు ఉండెనమ్మా?" అని అడుగుతాను. వాళ్లు చెప్తారు. చాలాసార్లు ఆ చెట్టు ఈ నేలలో బతకదు. ఆ మాటా చెప్తాను. అయినా వాళ్లు వెంటనే లేచిపోరు. ఇంకాసేపు కూర్చుని దాని గురించే చెప్తారు.