నాన్న కేకకు జవాబు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. పెంచినవాడు అలాంటివాడు మరి. చీకట్లో ఏదో కదిలిందని ఏడిస్తే నాన్న టార్చిలైటు చేతికిచ్చి, "ఏటో సూసొచ్చి సెప్పు" అనేవాడు. ప్రతిసారీ అది పిల్లో, ఆరేసిన చీరో అయ్యేది. అందుకే ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది ఎలమంచిలి పక్కన రైతు కుటుంబం. నాన్న కుర్రతనంలోనే సైన్యంలో చేరి, యుద్ధం చూసి, తర్వాత విశాఖపట్నంలో రైల్వేకి వచ్చాడు. ఇంజన్లు తుడిచే పనితో మొదలై, బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, చివరికి డ్రైవరయ్యాడు. బొగ్గు ఇంజన్లూ నడిపాడు, డీజిలువీ నడిపాడు. ఏనాడూ రెడ్ సిగ్నల్ దాటలేదు. డ్రైవర్లకి అంతకన్నా పెద్ద మెడల్ లేదు. సైన్యం వాళ్లిచ్చిన మెడల్ బీరువా అడుగున ఎక్కడో ఉండేది గానీ, ఈ మాట మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేదాన్ని.

ఇంజన్లో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి కేకేసి చెప్పాలి. పక్కనున్న మనిషి తన కళ్లతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. నాన్న ఆ పద్ధతిని ఇంటికి తెచ్చేశాడు. నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేటప్పుడు "గ్రీన్!" అనేవాడు. నేను రెండువైపులా చూసుకుని "గ్రీన్ నాన్నా!" అనేదాకా అడుగు వేసేవాడు కాదు. లారీ వస్తుంటే "రెడ్!" నేనూ "రెడ్ నాన్నా!" బజార్లో జనం నవ్వేవాళ్లు. నాలుగో గారె మీదికి ఆయన చెయ్యి వెళ్తే అమ్మ కూడా "రెడ్!" అనేది. పాపం, బుద్ధిగా "రెడ్" అని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

కాస్త పెద్దయ్యాక సిగ్గేసి ఒకసారి పలకలేదు. నాన్న కోప్పడలేదు. సైన్యంలో కొండ మీద కాపలా కాసేటప్పుడు ఆయనా, ఒక స్నేహితుడూ ఒకరికొకరు కనబడని చోట్ల నిలబడి, మధ్యమధ్యలో కేకేసుకునేవారట. ఒకసారి నాన్న పిలిచాడు. అటునుంచి జవాబు రాలేదు.

"పలికితే మనిషున్నట్టు తల్లీ," అన్నాడు. "పలక్కపోతే నాకు గుండాగిపోద్ది."

ఆ తర్వాత నేనెప్పుడూ పలకడం మానలేదు.

రిటైరైన కొన్నాళ్లకి, పంతొమ్మిది వందల ఎనభైల్లో, నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇంజన్ హోరులో కూడా వినబడే ఆ గొంతులోంచి మూలుగైనా రాలేదు. ఇక మాట రాదని డాక్టరు చెప్పేశాడు. ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రిలో చేర్చాం, అమ్మ ఆయనతో అక్కడే ఉండిపోయింది. నేను అప్పటికి మల్కాపురంలో టీచర్ని. సాయంత్రాలు వెళ్లి నాన్న దగ్గర కూర్చునేదాన్ని.

ఆ రోజు పొద్దున సైకిల్ మీద బడికి వెళ్తున్నాను. మంచి ఎండ. దారిలో గేటు లేని రైలు పట్టాలు దాటాలి. ఒక పక్కన పొడవాటి గోడ, అది దాటితేగానీ పట్టాల మీద ఏముందో కనబడదు. ఆ లైన్లో బళ్లు ఎప్పుడోగానీ రావు. ఇంజన్ చప్పుడేమీ లేదు. నా ధ్యాసంతా నాన్న మీదే ఉంది.

"రెడ్!"

నా చెవి పక్కనే. నాన్న గొంతు, ఒంట్లో బాగున్నప్పటి గొంతు. ఆలోచించలేదు. బ్రేకులు నొక్కి, కాలు కింద పెట్టి, "రెడ్ నాన్నా!" అని గట్టిగా అరిచేశాను.

గోడ చాటునుంచి ఆయిలు ట్యాంకర్ల వ్యాగన్లు వచ్చాయి. ఇంజన్ ఎక్కడో వెనకాల ఉండి తోస్తోంది. నా ముందు చక్రానికి జానెడు దూరంలో ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. సైకిలు పక్కన పడేసి అక్కడే కూర్చుండిపోయాను.

పక్కన చేపల బుట్ట దించుకుని కూర్చున్న ఆవిడ పరుగున వచ్చి పట్టుకుంది. "ఎవుల్తో మాటాడతన్నావమ్మా? ఈడ నాను తప్ప ఎవుల్లేరు కదా!" అంది. నా కేక ఆమెకు వినబడింది. నాన్నది వినబడలేదు.

బడి మానేసి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే అమ్మ ఎదురొచ్చింది.

"మీ నాన్న పలికినాడే! పొద్దున్న ఉన్నట్టుండి 'రెడ్' అని అరిసీసినాడు. తలెత్తి సెవొగ్గినాడు, ఎవులో పలకాలన్నట్టు. తర్వాత నిమ్మలంగా పడుకుండిపోనాడు."

పక్క మంచం మీద ఓల్డ్ టౌన్‌లో గొడుగుల షాపు సాయిబు గారు ఉండేవారు. లుంగీ మీద టీ మరక చూపించారు. "మీ నాయన కేకకి గ్లాసు జారిపోయింది బేటీ. మిలిటరీ గొంతు కదా!" అని నవ్వారు. నాకు ఏడుపూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి.

నాన్న మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వానాకాలంలోనే పోయాడు. పాత డ్రైవర్లంతా వచ్చి, ఒక్క రెడ్డూ దాటని మనిషి అని చెప్పుకుంటూ మోసుకెళ్లారు. నేను ఏడుస్తూనే, తలెత్తుకునే నిలబడ్డాను.

లోపల మిగిలిన మాట ఏదో ఒక్కసారి బయటపడి ఉంటుందని డాక్టరు అన్నాడు. సరే. దిగులుతో నా చెవులు భ్రమపడ్డాయనే అనుకుందాం. రెండూ ఒక్క పొద్దునే ఎలా జరిగాయి? ఊరికి ఆ చివర పలికిన కేక నాకెలా చేరింది? ఇన్నేళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా తేలలేదు.

ఈ గొడవంతా అమ్మకి పట్టేది కాదు.

"ఆయన పిలిసినాడు. నువ్వు పలికినావు. ఆయన గుండె కుదుటపడ్డాది," అనేది. "ఇంకేటి కావాలే నీకు?"