ఇటలీ అన్న మోకాలు

2006 నాటికి నేను గోదావరిఖనిలో గని కార్మికుల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరి ఆర్నెల్లయింది. గుంటూరు నుంచి వచ్చినదాన్ని. యాస పట్టుబడింది కానీ ఇక్కడి బతుకు ఇంకా అర్థం కాలేదు. ఆ వేసవిలో సామ్యూల్ మోకాలి నొప్పితో కుంటుకుంటూ వచ్చాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. యాభై ఏడేళ్లు.

ఒకప్పుడు గని ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డరట. ఆట మానేశాక, ఇటలీ జట్టులో అదే చోట ఆడే ఒకతన్ని టీవీలో చూసి పిచ్చి అభిమానం పెంచుకున్నాడు. కాలనీ అంతా ఆయన్ని ‘ఇటలీ అన్న’ అనే పిలిచేది. నొప్పి తగ్గేందుకు నేను కాలికి కరెంటు పెట్టినంతసేపూ ఆ ఆటగాడి కథే.

“గోల్ కొట్టినోని పేరే పేపర్ల పడ్తది మేడం. ఈయన బంతి గుంజుకుంటడు, పక్కోనికిస్తడు. అంతే. చిన్నప్పుడు పొట్టిగున్నవని క్లబ్బోళ్లు ఎల్లగొట్టిన్రట. మోకాలుకు రెండుసార్లు ఆపరేషనైంది. అయినా దేశానికి ఆడిండు.”

తొడ ముందు కండరం, అంటే క్వాడ్రిసెప్స్, బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. పది వ్యాయామాలు చెబితే రోగులు రెండు చేస్తారు, పదీ చేశామని అబద్ధమాడతారు. ఈయన నిజంగానే పదీ చేశాడు. కోచ్ మాట జవదాటని అలవాటు మరి! ఆరు వారాల్లో మోకాలు పూర్తిగా వంగింది. కీలు ఎంత వంగుతుందో గోనియోమీటర్‌తో కొలిచి ఫైల్లో రాశాను. నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

అప్పుడు చెప్పాడు, మర్నాడు మెడికల్ బోర్డు ఉందని. గని పనికి అన్‌ఫిట్ అని బోర్డు తేలిస్తే కార్మికుడి కొడుక్కి ఉద్యోగం వస్తుంది. కానీ అప్పటికి రెండేళ్ల సర్వీసైనా మిగిలుండాలి. అరవైకి రిటైర్మెంటు; మళ్లీ బోర్డు పిలుపు వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది, ఆయనకిదే ఆఖరి అవకాశం.

“ముందే చెప్పొచ్చు కదా అన్నా!”

“నొప్పి నిజమే గద మేడం. దవాఖానకు రాకుంటె ఎట్ల? గింత మంచిగైతదనుకోలే.”

“మరి రేపు?”

“అందరు కుంటుమంటున్నరు. దెబ్బ తాకకుండనే పడిపోయి పెనాల్టీ అడిగెటోళ్లుంటరు. నేనెన్నడు గట్ల పడలే.”

బోర్డు ముందు కూర్చోమంటే కూర్చున్నాడు, లేవమంటే లేచాడు. నా ఫైలు కూడా చూశారు. ఫిట్ అన్నారు.

వారం తర్వాత ఆయన భార్య శాంతమ్మ వచ్చింది. తిట్టలేదు. “మా ఇంటాయనను నడిపిచ్చినవు బిడ్డా. మా కొడుకు నోట్ల మన్ను గొట్టినవు” అని వెళ్లిపోయింది. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. అయినా ఆ ఫైలు మళ్లీ తీసి చూశాను. కొడుకు కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, కాంట్రాక్టు కూలీగా చేరాడని తర్వాత తెలిసింది.

వానాకాలంలో ఒకరోజు సామ్యూల్ డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే వెనకనుంచి చూశాను. చకచకా నడుస్తున్నాడు. ప్రాణం లేచొచ్చింది, పిలవబోయాను. ఇంతలో క్వార్టర్ల సందు వచ్చింది. ఆయన అక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ కాలు ఈడ్చుకుంటూ, కుంటుతూ లోపలికి మళ్లాడు. సందు చివర గడపలో శాంతమ్మ కూర్చుని ఉంది.

అప్పటినుంచి ఏ రోగి వచ్చినా నొప్పి ఎక్కడని అడిగే ముందు, ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాను. అడిగినా వైద్యం మార్చను, మార్చలేను. కానీ నయమైందని ఫైల్లో రాసేటప్పుడు ఆ పాత సంతోషం మళ్లీ ఎన్నడూ రాలేదు.