గంపలు రాని మంగళవారం

మాఘమాసంలో పౌర్ణమి వెళ్లాక వచ్చిన మంగళవారం, పొద్దున్న ఏడున్నర. తొంభైల చివరి మాట. మా హాల్టులో పొద్దుటి పాసింజరు ఇకముందు ఆగుతుందా లేదా అన్నది ఆ పూటే తేలిపోయింది.

హాల్టు అంటే పెద్ద స్టేషన్ అనుకోకండి. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో కూలీల కోసం పెట్టారు. రేకుల గది, సిమెంటు బెంచీ, పేరు రాసిన పసుపు బోర్డు. స్టేషన్ మాస్టరు ఉండడు. పక్క ఊరి ఆసామి ఒకడు కమీషను మీద టిక్కెట్లు అమ్మేవాడు. ఫ్యాక్టరీ లేచింది, కూలీలు పోయారు. మిగిలింది మేమే, సముద్రం ఒడ్డు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్లం. ఆ బండిలో అనకాపల్లి పోయి అమ్ముకుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాళ్లం. బస్సు కండక్టరు గంప కనిపిస్తే చాలు, రైట్ అనేవాడు. బండి ఆగకపోతే మాకు బేరం లేదు.

ముందురోజు టిక్కెట్ల ఆసామి మమ్మల్ని ఆపాడు.

“రేపు ఆఫీసరుగారు తనికీకి వస్తన్నారు. ఇక్కడ బండి ఉంచడమా తీసీడమా ఆయన సేతిలో ఉందంట.”

“అయితే ముందు నువ్వు గెడ్డం గీయించుకో బావూ,” అంది మా వదిన.

“నా గెడ్డం సరే. మీ గంపల నీల్లు ఎవుల్నయినా ఆ బెంచీ మీద కూకోనిత్తన్నాయా?”

వదిన బెంచీ వైపు చూసింది. “రేపొక్క రోజు రావడం మానేత్తాంలే. నువ్వు పినాయిలేసి కడుగు.”

మా పేటకి పెద్దమనిషి ఎవరొచ్చినా ముందు గంపలు పక్కకి తీసేస్తాం. పుట్టినప్పటి నుంచీ మాకు తెలిసిన మర్యాద అది. ఎవరూ కాదనలేదు. మాట్లాడ్డం వచ్చినదాన్నని, ఉతికిన చీర కట్టించి, కొబ్బరిబొండాం ఇచ్చి నన్నొక్కదాన్నీ పంపారు.

ప్లాట్‌ఫారం అద్దంలా ఉంది. ఆసామి పెళ్లాం గది ముందు ముగ్గు పెట్టింది. ఆఫీసరు గుమాస్తాని వెంటబెట్టుకుని ముందే వచ్చి నిలబడ్డాడు. బండి వచ్చి ఆగింది. అనకాపల్లిలో పనున్న ముసలి మాస్టారు ఒకాయన ఎక్కాడు. బండి వెళ్లిపోయింది.

“ఇంతేనా? ఎక్కేవాళ్లు ఒక్కరేనా?” అన్నాడు ఆఫీసరు.

“రోజూ బండి నిండా ఎక్కుతారండి. ఈ రోజే...” ఆసామి నా వైపు చూశాడు.

“తమరొత్తన్నారనే రాలేదు బావూ,” అన్నాను. “సేపల గంపలు గదా, కంపు కొడతాయని.”

ఆయన గుమాస్తాని చూశాడు, గుమాస్తా నేలని చూశాడు.

“నేను జనాన్ని చూడ్డానికి వచ్చానమ్మా. వాసన చూడ్డానికి కాదు.”

“రేపు రండి బావూ. గంపల్తో నిలబెడతాను అందర్నీ.”

“రేపు నాకు వేరే స్టేషన్. ఈ రోజు చూసింది రాయాలి నేను.”

మంచివాడే. బొండాం తాగి, బాగుందన్నాడు.

వేసవి రాకముందే టిక్కెట్ల కిటికీ మీద కాగితం అంటించారు. అప్పటికి నేను పేటలో పెట్టిన పెద్దల బడిలో అక్షరాలు దిద్దుతున్నాను, నలభై దాటాక. పొద్దుటి బండి ఇక ఆగదని కూడబలుక్కుని అందరికీ చదివి చెప్పింది నేనే.

“సదువొచ్చి ఇదేనా సదివేవు?” అంది వదిన.

తర్వాత ఆటో మాట్లాడుకుని పెద్ద స్టేషన్‌కి పోవడం మొదలుపెట్టాం. ముసలివాళ్లు వ్యాపారం మానేశారు. వదిన కూడా మానేసింది. బండి మా హాల్టు దగ్గర కూత కూడా వేయకుండా పోయేది.

మా పేటలో ఇప్పటికీ, ఆఫీసరు వచ్చిన రోజు మేమూ ఉన్నాం అని చెప్పుకునేవాళ్లున్నారు. ఉంటే బండి ఉండేది. ఆ రోజు అక్కడున్నది ఆఫీసరు, గుమాస్తా, గడ్డం గీయించుకున్న టిక్కెట్ల ఆసామి, ఆయన పెళ్లాం, బండెక్కిన ముసలి మాస్టారు, కడిగిన బెంచీ మీద పడుకున్న కుక్క, బొండాంతో నేను.